పున్నమి మల్లిక దీర్ఘాయుష్మతి భూదేవి

1991 చలికాలం. సిరిసిల్ల సర్కారు దవాఖానలో, కాన్పుల వార్డులో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి రెండేళ్లు. పుట్టింది కోరుట్లలో, మొదటి ఉద్యోగం జగిత్యాలలో. సిరిసిల్లకు వచ్చిన కొత్తలో మరమగ్గాల చప్పుడుకు నిద్రపట్టేది కాదు. అలవాటయ్యాక, కరెంటు పోయి ఆ చప్పుడు ఆగినప్పుడు మెలకువ వచ్చేది.

మా పనిలో ఒక చిన్న పద్ధతి ఉంది. కాన్పు కాగానే బిడ్డ మణికట్టుకు ప్లాస్టర్ ముక్క అంటిస్తాం. దాని మీద బిడ్డ పేరు ఉండదు. ‘బేబీ ఆఫ్ ఫలానా’ అని తల్లి పేరే రాస్తాం. మా వైపు ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి వార్డులో ఉన్నన్నాళ్ళూ పిల్లలందరూ పేరు లేనివాళ్ళే. అందులో ఒక లోటుందని నాకెన్నడూ తోచలేదు, రాజమణి వచ్చేదాకా.

రాజమణిది తంగళ్ళపల్లి. బీడీలు చుట్టేది. భర్త వెంకటేశం సిరిసిల్లలో ఒక సేటు షెడ్డులో మగ్గాలు నడిపేవాడు. ఎనిమిదో నెల ఇంకా నిండకుండానే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పుట్టిన ఆడపిల్ల కిలోన్నర కూడా తూగలేదు. దీన్ని ‘లో బర్త్ వెయిట్’ అంటాం, అంటే ఉండవలసిన బరువు లేని బిడ్డ. అలాంటి బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, పాలు చీకే బలం ఉండదు. మామూలుగానైతే కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపేవాళ్ళం. అక్కడ ఇంక్యుబేటర్ ఉండేది. బిడ్డను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె అది.

కాని ఆ వారం అన్నలు బంద్ పిలుపిచ్చారు. నక్సలైట్లను అక్కడ అందరూ అన్నలనే అనేవారు. కరీంనగర్ దారిలో చెట్లు నరికి అడ్డం వేశారని, ఒక బస్సు తగలబెట్టారని కబురు. బంద్ ముగిసినా గాలింపులు, సోదాలు ముగియలేదు. జీపు డ్రైవర్లు చేతులు జోడించి మరీ రామన్నారు.

మా లేడీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “ఇక్కడే చూసుకుందాం. తల్లి ఒళ్ళే పెట్టె అనుకో,” అన్నారు.

బిడ్డ తలకూ వీపుకూ దూది చుట్టి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టాను. తల్లి పాలు పిండి, చిన్న చెమ్చాతో చుక్క చుక్కగా పోశాను. రాజమణి అలసిపోయి కళ్ళు మూసుకుంటే ఎవరో ఒకరు బిడ్డను అలాగే గుండెకు కట్టుకోవాలి. అత్త భూదవ్వకు నేర్పాను. సాయంత్రం పని దిగి వెంకటేశం వచ్చాక అతనూ అడిగాడు.

“నేను కట్టుకుంటే పనికిరాదా సిస్టర్?”

“ఎందుకు పనికిరాదు? చేతులు, ఛాతీ మంచిగ సబ్బు పెట్టి కడుక్కొని రా.”

అంగీ గుండీలు విప్పి, బిడ్డను లోపల పెట్టుకుని, మళ్ళీ గుండీలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మొదటిరోజు వార్డులో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మర్నాటికి ఎవరూ నవ్వలేదు.

రెండో రోజో మూడో రోజో, పొద్దున ప్లాస్టర్ మారుస్తుంటే రాజమణి నా చెయ్యి పట్టుకుంది.

“సిస్టర్, దాని మీద నా పేరు రాయకుండ్రి. బిడ్డ పేరు రాయుండ్రి.”

“ఇంక పేరు పెట్టలేదు గద?”

“ఇయ్యాల్నే పెడ్త.”

పక్కనే కూర్చున్న భూదవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “ఇరవై ఒకటి కాకముందే పేరా? దేవుడు ఇంటడు, తెల్సా? పెట్టక తప్పదంటే పెంటవ్వ అని పెట్టుండ్రి.”

పుట్టిన పిల్లలు నిలవని ఇళ్ళలో అదొక నమ్మకం. పెంటయ్య అనో పెంటవ్వ అనో పిలిస్తే, ఎవరికీ అక్కర్లేని బిడ్డ కాబోలు అనుకుని చావు పక్కనుంచి పోతుందట. కోరుట్లలో మా ఇంటి పక్కన ఒక పెంటయ్య ఉండేవాడు. ఆయన మీద ఇంటిల్లిపాదికీ ప్రాణం. కాబట్టి భూదవ్వ మాట నాకు మొరటుగా తోచలేదు. అందులో ఉన్నది భయం, ముద్దు.

రాజమణి మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆమె మాట మెల్లగా ఉండేది, కాని ఆరోజు వార్డంతా విన్నది.

“ఇంతకుముందు ఇద్దరు పోయిండ్రు సిస్టర్. ఇద్దరూ ఆడపిల్లలే. పేరు పెట్టక ముందే పోయిండ్రు. ఇప్పుడు యాదికొస్తే ఏమని యాది చేసుకోవాలె? పెద్దదని, నడిపిదని అనుకుంట. పిలుద్దామంటే పేర్లు లెవ్వు. ఇది ఉన్నా సరే, పోయినా సరే, పేరుతోనే ఉండాలె.”

భూదవ్వ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

సాయంత్రం వెంకటేశం రాగానే ఈ సంగతి చెప్పారు. అతనికి మగ్గం కాకుండా ఇంకో పిచ్చి ఉండేది. ఎండాకాలంలో చిరుతల ఆటలో వేషం కట్టేవాడు. చేతుల్లో చిరుతలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ ఆడే ఆట అది. పెద్ద పెద్ద మాటలు నోరారా పలకడం అతనికి ఇష్టం. బిడ్డను అంగీలో పెట్టుకుని, నెత్తి మీద చెయ్యి ఉంచాడు.

“పొడుగు పేరు పెడ్దాం,” అన్నాడు. “చిన్నపేరు వద్దు.”

“ఎందుకు?” అన్నాను.

“సిస్టర్, మగ్గం మీదికి పడుగు దారాలు ఎక్కిస్తం గద. నాలుగు గజాలు నేద్దామని ఎవ్వడూ పడుగు ఎక్కియ్యడు. మస్తు నేద్దామనుకున్నోడే పొడుగు పడుగు ఎక్కిస్తడు. ఈమె మస్తు రోజులు ఉంటదని మనం అనుకుంటున్నట్టు ఈమెకు తెల్వాలె.”

తర్వాత రాజమణి వైపు తిరిగి, “ఆ ఇద్దరికీ నువ్వేమన్న పేర్లు అనుకున్నవా?” అని అడిగాడు. అన్నేళ్లలో ఒకరినొకరు ఆ మాట అడగలేదని అతని గొంతులోనే తెలిసింది.

ఆమె దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. “పెద్దది నిండు పున్నమినాడు పుట్టింది. పున్నమి అనుకున్న. నడిపిది కడుపుల ఉన్నప్పుడు నాకు ఏ వాసనా పడకపోయేది, మల్లెపూలది తప్ప. దానికి మల్లిక అనుకున్న.”

వెంకటేశం అంగీ లోపలికి చూస్తూ, “పున్నమి మల్లిక,” అని ఒకసారి పలికి చూశాడు. “ఇది ముందు. తర్వాత ఈమెది. దీర్ఘాయుష్మతి.”

“గదేంది?” అంది రాజమణి.

“నిండు నూరేండ్లు బతికేది అని అర్థం.”

కిటికీ అవతల వరండాలోంచి భూదవ్వ అరిచింది. “సచ్చినోళ్ల పేర్లు బతికున్న పిల్లకు పెడ్తరారా! మీకేమన్న బుద్ధుందా?”

నేను ప్లాస్టర్ ముక్క మీద ఆ మూడు మాటలూ రాయబోతే స్థలం చాలలేదు. రెండు చుట్లు చుట్టి రాశాను. ఆ సన్నని మణికట్టు మీద అది గాజులా కనిపించింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. రాజమణి స్నానానికి వెళ్ళింది. బిడ్డ భూదవ్వ గుండె మీద ఉంది. నేను రెండు మంచాల అవతల ఒక బాలింతకు ఇంజక్షన్ ఇస్తున్నాను.

“సిస్టరమ్మా! పిల్ల నీలమైతంది!”

నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మరిచిపోతారు. దాన్ని ‘అప్నియా’ అంటాం. తట్టి గుర్తుచెయ్యాలి. గుర్తురాకపోతే అంతే. బిడ్డను లాక్కుని అరికాలి మీద వేలితో కొట్టాను. వీపు రుద్దాను. గొంతులో తేమ ఉందేమోనని సన్నని గొట్టంతో పీల్చాను. పెదవులు నేరేడుపండు రంగులోనే ఉన్నాయి. మళ్ళీ అరికాలి మీద కొట్టాను.

నా వెనుక భూదవ్వ రెండు చేతులూ చాచి పిలవడం మొదలుపెట్టింది.

“ఓ పున్నమీ! ఓ మల్లికా! పోకుండ్రే! మీ చెల్లెను తీస్కపోకుండ్రే! అవ్వా, ఆయిసుమతీ, ఆగవే బిడ్డా, ఆగవే!”

ఆ మాటలు వింటూనే నేను వీపు రుద్దుతున్నాను. ఛాతీ ఒక్కసారి ఎగిరింది. దగ్గులాంటి చిన్న చప్పుడు. తర్వాత ఏడుపు, పిల్లికూన గొంతంత. పెదవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

ఎవరి పిలుపుకు పలికిందో నేను చెప్పలేను. నా పని నేను చేశాను, ఆమె పని ఆమె చేసింది. ఇద్దరం నేల మీదే కూర్చుండిపోయాం. తడిజుట్టుతో పరుగున వచ్చిన రాజమణి మమ్మల్ని చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. లేచి బిడ్డను ఆమె చేతిలో పెట్టాను.

కాసేపటికి భూదవ్వ కోడలి మంచం దగ్గరికి వెళ్ళింది.

“రాజమణీ, ఆ పేర్ల ఎనుక నా పేరు గూడ పెట్టు.”

“నీ పేరా అత్తా?”

“మా ఊరికి గత్తర రోగం అచ్చినప్పుడు మా ఇంట్ల నా తోడబుట్టినోళ్ళందరు పోయిండ్రు. నేను పోలే. కరువు అచ్చింది, పోలే. పెద్ద రోగమచ్చి చాపల సుట్టి పెట్టిండ్రు, లేచి కూసున్న. నా పేరంటే సావుకు భయం. దానికి కావలి ఉంటది, పెట్టు.”

రాజమణి అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతకుముందు వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం నేను చూడలేదు. సాయంత్రం వెంకటేశం వచ్చి విని, “భూదవ్వ కాదవ్వా, భూదేవి అందాం, పాట తీరుగ కుదురుతది,” అన్నాడు. “ఏదన్నగానీ, అది నాదే గద,” అంది ముసలమ్మ. అలా పేరు పూర్తయింది.

ఆ మర్నాటి సాయంత్రం వెంకటేశం రాలేదు. మర్నాడు పొద్దున్నే షెడ్డు నుంచి ఒకామె వచ్చి కబురు చెప్పింది. మానేరు వంతెన దగ్గర పోలీసులు అతన్ని ఆపి తీసుకుపోయారట. అదే షెడ్డులో పనిచేసే ఒకతను కొన్నాళ్ళుగా కనిపించడం లేదు, అన్నల్లో కలిశాడని అనుకునేవారు. మొన్న సాయంత్రం, అంటే బిడ్డకు పేరు పూర్తయిన పూట, ఊరి అవతల ఒక కాంట్రాక్టరు లారీ తగలబడింది. ఆ షెడ్డు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే పట్టుకుని అడుగుతున్నారు.

ఆ రోజుల్లో ‘తీస్కపోయిన్రు’ అన్న మాట వింటే ఇంట్లోవాళ్ళు నిలబడ్డచోటే కూలబడేవారు. కొందరు సాయంత్రానికి వచ్చేవారు. కొందరు చాలా రోజులకు వచ్చేవారు. కొందరు రాలేదు. రాజమణికి ఆ పూట పాలు పడలేదు. ఎంత పిండినా చెమ్చా నిండలేదు.

భూదవ్వ నా ముందు నిలబడింది. “బిడ్డా, మొన్న పొద్దుగూకంగ నా కొడుకు ఈడనే ఉన్నడని నువ్వు చూసినవ్ గద. అచ్చి చెప్తవా?”

నాకు భయం వేసింది. పోలీసులకు ఒక మాట చెబితే అన్నలకు ఏమని చేరుతుందో, చెప్పకపోతే పోలీసులు ఏమనుకుంటారో, అటూ ఇటూ చూసుకునే నడిచే కాలం అది. డాక్టరమ్మను అడిగాను. ఆవిడ, “నువ్వు చూసిందే చెప్పు. చూడనిది ఒక్క ముక్క కూడా చెప్పకు,” అన్నారు. యూనిఫారంలోనే, భూదవ్వను వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఏ స్టేషనో ఇక్కడ రాయడం అవసరం లేదు. ఇసుక బస్తాల మధ్య నుంచి లోపలికి పంపారు. ఎస్సై కోస్తా వైపు మనిషి, వయసులో చిన్నవాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, అతనూ సరిగ్గా నిద్రపోయినట్టు లేడు.

“మీరెందుకొచ్చారు సిస్టర్?”

“వెంకటేశం కూతురు మా వార్డులో ఉంది సార్. తల్లికి పాలు ఆగిపోయాయి. మొన్న సాయంత్రం వచ్చినప్పటి నుంచి గేటు మూసేదాకా అతను వార్డులోనే ఉన్నాడు. నా కళ్ళతో చూశాను.”

“ఏం చేస్తున్నాడు?”

“బిడ్డను అంగీలో పెట్టుకుని కూర్చున్నాడు.”

ఎస్సై నన్ను అనుమానంగా చూశాడు. ఎందుకలా కూర్చుంటారో వివరించాను. అతను రైటరు వైపు తిరిగాడు. స్టేషన్లో వాంగ్మూలాలు రాసే కానిస్టేబులును రైటర్ అంటారు. “వాడూ ఇదే చెప్పాడు కదా? కూతురి పేరేంటంటే ఏదో చెప్పాడు.”

“అవ్ సార్. తాడంత పేరు చెప్పిండు. మనల్ని ఆటపట్టిస్తున్నడనుకున్నం. ఏదన్న రహస్యం మాటేమో అని గూడ అనుకున్నం.”

ఎస్సై నన్ను మాట్లాడవద్దని చేత్తో ఆపి, గుమ్మం దగ్గర నిలబడ్డ భూదవ్వను పిలిచాడు. “ముసలమ్మా, నీ మనవరాలి పేరేంటి?”

“మొత్తం చెప్పాల్నా సార్?”

“మొత్తం చెప్పు.”

భూదవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. గుడిలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, ఒక్కో మాటా పట్టి పట్టి పలికింది. “పున్నమి, మల్లిక, దీరగాయిసుమతి, భూదేవి. ఆఖర్ది నాది.”

తలుపు దగ్గరి హెడ్ కానిస్టేబుల్ నవ్వాపుకోలేక దగ్గాడు. ఎస్సై నవ్వలేదు. “ఇంత పొడుగు పేరెందుకు?” అని అడిగాడు. అతని గొంతులో గద్దింపు తగ్గింది.

ముసలమ్మ చెప్పింది. మొదటి ఇద్దరూ పోవడం, నడిపిది కడుపులో ఉన్నప్పటి మల్లెపూల వాసన, ఈ పిల్ల నీలం తిరగడం, మొన్న సాయంత్రమే తన పేరు చేర్చడం, అన్నీ. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు.

“ఇంత పేరు ఇద్దరు కూడబలుక్కుని చెప్పరు,” అన్నాడు ఎస్సై చివరికి. “తీసుకెళ్ళండి. మళ్ళీ పిలిస్తే రావాలి.”

వెంకటేశం బయటికి వచ్చాడు. కింది పెదవి వాచి ఉంది, ఎడమకాలు ఈడుస్తున్నాడు. తల్లిని చూసి, నన్ను చూసి, మొదట అడిగిన మాట, “పాలు తాగిందా?”

దవాఖానకు రాగానే నూతి దగ్గర ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేశాడు. అంగీలో బిడ్డను కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. రాజమణి అతని ముఖం చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఆమెకు పాలు పడ్డాయి.

బిడ్డ మెల్లమెల్లగా బరువు ఎక్కింది. చీకడం నేర్చుకుంది. పంపించే రోజున ప్లాస్టర్ కత్తిరించబోతే రాజమణి, “ఉండనియ్యుండ్రి, ఇంటికాడ చూయించాలె,” అంది. పేరు పెట్టే పండుగకు నన్ను తంగళ్ళపల్లికి పిలిచారు. మేనత్త బిడ్డ చెవిలో పేరు చెబుతూ రెండుసార్లు తప్పింది. ఇల్లంతా నవ్వులు. భూదవ్వ ముందుకొచ్చి అందించింది, తప్పు పలికిందే అయినా ధీమాగా.

కొన్నేళ్ళకు నాకు మళ్ళీ జగిత్యాల బదిలీ అయింది. ఒకసారి వేములవాడ బస్టాండులో కూర్చుని ఉంటే, ఎవరో గొంతెత్తి ఆ నాలుగు పేర్లూ వరుసగా పిలిచారు. జనమంతా తిరిగి చూశారు. గుండు కొట్టించుకున్న ఒక పిల్ల, బొమ్మల కొట్టు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. రాజమణి నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. భూదవ్వ అంతకుముందు ఏడాది పోయిందని, బళ్ళో పంతులు ఒక్క ‘మల్లిక’ చాలన్నా తాను ఒప్పుకోలేదని చెప్పింది.

“ఇంట్ల గూడ పేరంతా పిలుస్తవా?” అని నవ్వుతూ అడిగాను.

“అంతా పిలుస్త సిస్టర్. సగం పిలిస్తే నా పిల్లలల్ల సగమే పలుకుతరు.”

వాళ్ళ బస్సు వచ్చింది. పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతూ పోయింది.

నా ఉద్యోగంలో చాలామంది పిల్లలను బతికించుకున్నాం, కొందరిని పోగొట్టుకున్నాం. పోయినప్పుడు తల్లికి చెప్పడానికి మా దగ్గర ఒక మాట ఉండేది. ‘మరిచిపో అమ్మా, మళ్ళీ పుడతారు’ అని. నాకు పెద్ద సిస్టర్లు నేర్పిన మాటే, మంచికి అనే మాటే. రాజమణి తర్వాత అది నా నోట రాలేదు. దాని బదులు ఆ తల్లి మంచం పక్కన కూర్చుని, “ఏం పేరు అనుకున్నవ్ బిడ్డా?” అని అడగడం అలవాటు చేసుకున్నాను.

కొందరు అనుకోలేదనేవారు. కొందరు వెంటనే చెప్పేవారు, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు. కథలాపూర్ నుంచి వచ్చిన ఒకామె మాత్రం చాలాసేపు గోడవైపే తిరిగి పడుకుంది. నేను లేవబోతుంటే నా కొంగు పట్టుకుని, దగ్గరికి వంగమని, నా చెవిలో ఒక పేరు చెప్పింది. తెల్లగుడ్డలో ఉన్న బిడ్డను ఎత్తుకుని, ఆమె చూస్తుండగానే, నేను ఆ పేరుతో పిలిచాను.